గోడ మీద నల్లటి ఫంగస్, టెస్టుకే 22 వేలు అడుగుతున్నారు. చేయించాలా?

పటమట_పద్మజ
పటమటలో సొంత ఫ్లాట్, మూడో ఫ్లోర్. బెడ్‌రూమ్‌లో చెక్క బీరువా పక్కకి జరిపితే వెనక గోడంతా నల్ల మచ్చలు. వేలితో రాస్తే అంటుకుంటోంది. గది తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన. మా అత్తగారికి రాత్రిళ్లు దగ్గు, పెద్దవాడికి పొద్దున లేవగానే తుమ్ములు. ఆన్‌లైన్‌లో చూసి ఒక సంస్థ వాళ్లని పిలిచాను, తనిఖీ ఉచితం అన్నారు. వచ్చినబ్బాయి గదిలో చిన్న గాజు ప్లేటు మూత తీసి కాసేపు ఉంచి పట్టుకెళ్లాడు. తర్వాత వాట్సాప్‌లో ఫొటో పంపారు, ప్లేటు నిండా పచ్చగా, నల్లగా బూజు. "మీ ఇంట్లో గాలి విషం మేడమ్. పూర్తి టెస్టుకి 22 వేలు, ఆ తర్వాత ట్రీట్‌మెంట్‌కి లక్షా పాతిక" అంటున్నారు. ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. మావారు అది కోవిడ్ అప్పటి బ్లాక్ ఫంగస్ అంటున్నారు. ఇలాంటి టెస్టులు ఎవరైనా చేయించారా? అసలు అవసరమా?

కృష్ణలంక_కుర్రోడు
లక్షా పాతికా! ఆ డబ్బుకి గోడ పడగొట్టి కొత్తది కట్టుకోవచ్చక్కా.

అద్దెకొంప
మీరు నయం, సొంతిల్లు. మా ఓనరు వచ్చి చూసి "మీరు గదిలో బట్టలు ఆరేస్తున్నారు, అందుకే" అని మమ్మల్నే తిట్టి వెళ్లాడు.

గోరంట్ల_మైక్రో
గుంటూరులో ఉంటాను, మైక్రోబయాలజీ పాఠాలు చెప్పడం నా పని. ముందు ఆ ప్లేటు సంగతి చెప్తా. దాన్ని మా స్టాఫ్ రూమ్‌లో తెరిచి పెట్టినా బూజు వస్తుంది, బెంజ్ సర్కిల్ మధ్యలో పెట్టినా వస్తుంది. ఫంగస్ బీజాలు లేని గాలి మామూలు ఇళ్లలో ఎక్కడా ఉండదు. పైగా ప్లేటు తెరిచి వదిలేస్తే బరువున్న పెద్ద బీజాలు తొందరగా దాని మీద పడతాయి, ఆస్పర్జిల్లస్, పెనిసిలియం లాంటి చిన్నవి గాల్లోనే తేలుతూ ఉండిపోతాయి. కాబట్టి ఎంత గాలిలో ఎన్ని ఉన్నాయో ఆ ప్లేటు చూసి ఎవరూ చెప్పలేరు. ఇంటి బయట కూడా అదే సమయంలో ఒక ప్లేటు పెట్టారా అని అడగండి. పెట్టి ఉండరు.

పటమట_పద్మజ
లేదండీ, గదిలో ఒక్కటే పెట్టారు. అయితే ఆ 22 వేల టెస్టు కూడా ఇలాంటిదేనా?

గోరంట్ల_మైక్రో
అది వేరే. చిన్న పంపు పెట్టి, నిమిషానికి 15 లీటర్ల చొప్పున ఐదు నిమిషాలు గాలి పీలుస్తారు, అంటే 75 లీటర్లు. ఆ గాలిలో ఉన్నవి జిగురు పూసిన గాజు పలక మీద అతుక్కుంటాయి. మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టి ఘనపు మీటరుకి ఇన్ని అని రాస్తారు. ఇంటి బయట గాలి కూడా పట్టి, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చాలి. పద్ధతి తప్పు కాదు, దానికీ పరిమితులున్నాయి. మైక్రోస్కోప్‌లో ఆస్పర్జిల్లస్, పెనిసిలియం బీజాలు ఒకేలా కనిపిస్తాయి, అందుకే రెండూ కలిపి ఒకే లెక్క వేస్తారు. ఫ్యాన్ వేసినప్పుడొక అంకె, ఆపినప్పుడొక అంకె వస్తుంది. బీరువా జరిపిన రోజున తీస్తే ఆకాశాన్నంటుతుంది. గోడ మీద మచ్చకి టేపు అంటించి తీసి చూస్తే ఏ జాతో తెలుస్తుంది. తెలిసి ఏం చేస్తారు? జాతి ఏదైనా కడగాల్సిందే, తడి ఆపాల్సిందే.

ఊపిరి_వైద్యం
బ్లాక్ ఫంగస్ అన్న భయం ముందు తీసేయండి. 2021లో మనం చూసినది మ్యూకర్‌మైకోసిస్, అది వేరే కుటుంబం. షుగర్ అదుపులో లేనివాళ్లకి, కోవిడ్‌లో స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవాళ్లకి ఎక్కువగా వచ్చింది. ఆ ఫంగస్ నల్లగా ఉండదు, అది చంపేసిన కండ నల్లబడుతుంది కాబట్టి ఆ పేరు పడింది. గోడ మీద నల్లగా కనిపించేది చాలాసార్లు క్లాడోస్పోరియమో, ఆస్పర్జిల్లస్ నైజరో అయి ఉంటుంది.
అలాగని తేలిగ్గా వదిలేయమనడం లేదు. చెమ్మ ఇళ్లలో దగ్గు, పిల్లికూతలు, ఆస్తమా పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. గాలిలో ఇన్ని బీజాలు దాటితే ప్రమాదం అనే అంకె మాత్రం అందులో లేదు, ఎందుకంటే ఒంటి తీరు మనిషికో రకం. ఆ 22 వేలలో కొంచెం పెట్టి అత్తగారిని ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించండి. ఊదే పరీక్ష చేస్తారు, అవసరమైతే రక్తంలో ఎలర్జీని పట్టిచ్చే ఐజీఈ చూస్తారు. ఆవిడకి ముందే ఆస్తమా ఉంటే ఆస్పర్జిల్లస్ ఐజీఈ కూడా చేయమని అడగండి.

కృష్ణలంక_కుర్రోడు
బావగారి గూగుల్ డిగ్రీ రద్దు.

సైట్_రావు
ముప్ఫై ఏళ్లు ఇళ్లు కట్టించాను. పద్మజ గారూ, టెస్టు ముచ్చట పక్కన పెట్టి ఇవి చెప్పండి. ఆ గోడకి అవతల ఏముంది? మచ్చలు కింద మొదలయ్యాయా, పైనా? వానలు పడుతున్నప్పుడే ఎక్కువవుతుందా, ఏడాదంతా ఒకేలా ఉందా? ఆ గదిలో ఏసీ ఉందా?

పటమట_పద్మజ
అవతల ఆ గది అటాచ్డ్ బాత్రూమే. మచ్చలు కింద దట్టంగా, పైకి వెళ్లే కొద్దీ పలచగా ఉన్నాయి. సరిగ్గా ఎప్పుడు మొదలైందో తెలీదు, బీరువా అడ్డం కదా. ఏసీ ఉంది, రాత్రంతా వేస్తాం.

బెజవాడ_బాబాయి
బీరువా అక్కడెందుకు పెట్టారమ్మా, నైరుతా?

పటమట_పద్మజ
అవును బాబాయి గారూ. అక్కణ్నుంచి కదిపితే లక్ష్మి వెళ్లిపోతుందని మా అత్తగారు.

బెజవాడ_బాబాయి
లక్ష్మి సంగతేమోగానీ ఫంగస్ మాత్రం తిష్ట వేసింది.

సైట్_రావు
కింద దట్టంగా, అవతల బాత్రూమ్. నాకు నీళ్ల లీకు మీదే అనుమానం. ఏసీ పాత్ర కూడా ఉండొచ్చు. ఒక చౌక పరీక్ష చేయండి. వంటింట్లో అల్యూమినియం ఫాయిల్ ఉంటుంది కదా, అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్కలు రెండు కోయండి. గోడ పొడిగుడ్డతో తుడిచి ఒకటి నేలకి అడుగు ఎత్తులో, ఇంకోటి ఛాతీ ఎత్తులో పెట్టి నాలుగంచులా టేపు వేయండి, ఎక్కడా గాలి దూరకూడదు. ఒకటి రెండు రోజులు ఉంచి విప్పండి. ఫాయిల్‌కి గోడ వైపు తడి ఉంటే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. గది వైపు తడి ఉంటే గాలిలో తేమ చల్లటి గోడ మీద నీరవుతోంది. ఈ రెండింటికీ వైద్యం వేరు. ఇది తెలుసుకోకుండా 22 వేలు పెట్టినా, లక్షా పాతిక పెట్టినా వచ్చే ఏడాది మళ్లీ ఇక్కడికే వస్తారు.

హ్యూస్టన్_హరి
రావు గారితో కొంత విభేదిస్తున్నా. మాది గుంటూరు బ్రాడీపేట, ఉండేది హ్యూస్టన్‌లో. ఇక్కడి ఉక్కపోత మన బెజవాడ అన్నలాంటిది. ఇక్కడ టెస్టు మోసం కాదు, ఒక వృత్తి. టెక్సస్‌లో దీనికి లైసెన్స్ ఉండాలి. టెస్టు చేసినవాడు అదే ఇంట్లో శుభ్రం చేసే కాంట్రాక్టు తీసుకోకూడదు, చట్టం ఒప్పుకోదు. 25 చదరపు అడుగులు దాటిన ఫంగస్ అయితే లైసెన్స్ ఉన్నవాడే తీయాలి. ముందు అసెస్సర్ వచ్చి ఏది కోయాలి, ఎంత వరకు కోయాలి అని రాసిస్తాడు. వేరే కంపెనీ చేస్తుంది. చివర్లో మళ్లీ అసెస్సర్ వచ్చి అయిపోయిందని తేలుస్తాడు. మా ఇంట్లో డిష్‌వాషర్ వెనక పైపు కారినప్పుడు బయటికి ఏమీ కనిపించలేదు, వాసన ఒక్కటే. టెస్టు చేయిస్తేనే గోడ లోపల ఉందని తేలింది. ఊరికే "టెస్టు దండగ" అనేయడం సరికాదు.

సైట్_రావు
హరీ, నేను దండగ అనలేదు, ముందు కాదు అన్నాను. మీ ఇళ్లు చెక్క చట్రం, మధ్యలో దూది, పైన కాగితం అంటించిన జిప్సం బోర్డు. ఆ కాగితమే ఫంగస్‌కి భోజనం, అది గోడ లోపల కనపడకుండా పెరుగుతుంది. మనది ఇటుక, సిమెంట్ ప్లాస్టరింగ్. లోపల తినడానికి ఏమీ లేదు. అది పెరిగేది పైనున్న రంగు, పుట్టీ మీద, దుమ్ము మీద, బీరువా వెనక ప్లైవుడ్ మీద. కంటికి కనిపిస్తుంది. మన ఇళ్లలో దాక్కునే చోటు ఒకటుంది, జిప్సం ఫాల్స్ సీలింగ్ పైన. అక్కడ వాసన వచ్చి ఏమీ కనపడకపోతే నువ్వు చెప్పేది పనికొస్తుంది.

గోరంట్ల_మైక్రో
హరి గారు చెప్పిన అమెరికాలోనే, వాళ్ల పర్యావరణ సంస్థ ఈపీఏ, కళ్లకి ఫంగస్ కనిపిస్తుంటే చాలా సందర్భాల్లో శాంపిల్ తీయనక్కర్లేదని రాసింది. గాలిలో ఇన్ని బీజాలు ఉండొచ్చు అన్న ప్రభుత్వ పరిమితి అక్కడా లేదు. మీరు చెప్పిన వాటిలో అసలు గొప్పది టెస్టు చేసేవాడూ బాగుచేసేవాడూ ఒకడే కాకూడదన్న రూలు. పద్మజ గారి దగ్గరికి వచ్చిన వాళ్లు రెండూ మేమే అంటున్నారు. జ్వరం ఉందో లేదో మందుల కొట్టువాడే చెప్పినట్టు.

హ్యూస్టన్_హరి
ఆ పాయింట్ ఒప్పుకుంటా.

మిర్చియార్డు_మామ
మా మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పగానే మొదట చూసేది తేమ. చెయ్యి లోపల పెట్టి నలిపితే చెప్పేస్తాం. పది పదకొండు శాతం దాటిందంటే రేటు తెగుతుంది, గోడౌన్‌లో పెడితే బూజు పడుతుంది. ఏ జాతి బూజు అని ఏ వ్యాపారీ అడగడు. తేమెంత అనే అడుగుతాడు.

గోరంట్ల_మైక్రో
ఎగుమతి సరుకుకి అడుగుతారు మామా. అఫ్లాటాక్సిన్, అంటే బూజు వదిలే విషం, దాని టెస్టు లేకుండా యూరప్‌కి మిర్చి కదలదు, స్పైసెస్ బోర్డు వాళ్ల ల్యాబ్ గుంటూరులోనే ఉంది. ఎందుకంటే అక్కడ గీత ఉంది, యూరప్‌లో మిర్చికి మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. దాటితే వెనక్కి. గీత ఉన్న చోట టెస్టుకి అర్థం ఉంది. ఇంటి గాలికి ఏ గీతా లేదు, రిపోర్టులో 1,800 అని వచ్చినా, 4,000 అని వచ్చినా అది ఎక్కువో తక్కువో చెప్పేది రిపోర్టు ఇచ్చినవాడే.

మిర్చియార్డు_మామ
అది నిజమే. కంటైనర్ వెనక్కొస్తే ఆ బాధ పగవాడికి కూడా వద్దు.

రెండో_ఫ్లోర్_రాణి
నేను చేయించాను, లాభపడ్డాను కూడా. కానూరులో కొత్త ఫ్లాట్, చేరిన రెండో వర్షాకాలానికే హాలు గోడ నెమ్మెక్కింది. బిల్డర్ "మీరు కిటికీలు తీయట్లేదు" అని తప్పించుకున్నాడు. సివిల్ ఇంజనీర్‌తో మాయిశ్చర్ మీటర్ రీడింగులు, థర్మల్ కెమెరా ఫొటోలు, ల్యాబ్ రిపోర్టు అన్నీ పెట్టి రాతపూర్వకంగా ఇచ్చాం. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు పనితనంలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరే తన ఖర్చుతో బాగుచేయాలి. ఏపీ రెరాకి వెళ్తామన్నాకే బయటి గోడ పగుళ్లు నింపించాడు. టెస్టు లేకపోతే ఇప్పటికీ కిటికీలు తీస్తూ కూర్చునేవాళ్లం.

సైట్_రావు
రాణి గారూ, మీకు పనిచేసింది మీటర్ రీడింగులూ, ఫొటోలూనా, బీజాల లెక్కా?

రెండో_ఫ్లోర్_రాణి
నిజం చెప్పాలంటే మొదటి రెండూ. పై గోడ పగులు దగ్గర థర్మల్ ఫొటోలో నీలం మరక చూసి నోరు మూశాడు. కానీ ల్యాబ్ కాగితం మీద ముద్ర చూస్తే మనుషులకి భయం వేస్తుంది కదండీ, అదీ అవసరమే.

సైట్_రావు
థర్మల్ కెమెరా చూపించేది చల్లదనమే, తడిని కాదు. దాంతో అనుమానపడి మీటర్‌తో ఖాయం చేసుకోవాలి. ఆ మీటర్ కూడా అసలు చెక్క కోసం తయారైంది, ప్లాస్టరింగ్ మీద అంకెని నమ్మొద్దు. పొడిగా ఉన్న గోడ మీద ఒకసారి, అనుమానం ఉన్న గోడ మీద ఒకసారి గుచ్చి తేడా చూడాలి. ఉప్పు పట్టిన గోడయితే పొడిగా ఉన్నా ఎక్కువ చూపిస్తుంది.

వేపచెట్టు
మా గోడ మీద తెల్లగా దూదిలా లేస్తోంది. ఇదీ ఫంగసేనా?

సైట్_రావు
కొంచెం నీళ్లు చల్లి చూడండి. కరిగిపోతే ఉప్పు, ఇటుకలోంచి నీళ్లు తెచ్చి బయట వదిలినది. కరగకుండా నలిగి ముద్దయితే బూజు. ఉప్పయినా సంతోషించకండి, నీళ్లు వస్తున్నాయని అదే సాక్ష్యం.

సింగ్‌నగర్_సీత
2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధిలోకి వచ్చింది. కింద ఇల్లు, నడుం లోతు నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. ఆ నీళ్లు పోయాక ఫైరింజన్లు తెచ్చి బురద కడిగించారు, బ్లీచింగ్ చల్లించారు. అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. గోడ మీద నీటి గీత ఎక్కడ దాకా ఉందో, దానికి పైన ఇంకో మూరెడు వరకు తడి ఎక్కింది. ఆ ఏడు దీపావళికి తొందరపడి పుట్టీ పెట్టించి రంగులేయించిన వాళ్లందరికీ సంక్రాంతికి పెచ్చులు లేచి లోపల నల్లగా కనిపించింది. మేము పాత పుట్టీ గీకించేసి, గోడలు అలాగే వదిలేసి, ఫ్యాన్లు పెట్టి, ఎండాకాలం పోయేదాకా ఆగాం. చుట్టాలు వచ్చి "ఇంకా రంగులేయించలేదా" అంటే పళ్లు బిగబట్టాం. ప్లైవుడ్ మంచం, టీవీ స్టాండ్ ఉబ్బిపోతే బయట పడేశాం. టేకు మంచం కడిగి ఆరబెడితే నిలిచింది. అప్పుడూ మా వీధిలోకి ఇలాగే "టెస్టు ఉచితం" వాళ్లు వచ్చారు. మాకు టెస్టు ఎందుకు, బుడమేరు ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలుసు కదా అన్నాం.

కృష్ణలంక_కుర్రోడు
మాకు కరకట్ట గోడ ఉండబట్టి బతికిపోయాం. ఆ మర్నాడే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, రికార్డు అది. రాత్రంతా గోడ వైపే చూస్తూ కూర్చున్నాం.

ఊపిరి_వైద్యం
సీత గారు చెప్పిన బ్లీచింగ్ గురించి ఒక మాట. బ్లీచింగ్ నీళ్లలో బాత్రూమ్ యాసిడ్ పొరపాటున కూడా కలపకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులు కాలిపోతాయి. అమోనియా ఉన్న క్లీనర్లతోనూ వద్దు. అసలు ఇంట్లో మచ్చకి సబ్బునీళ్లు, బ్రష్ చాలు. చచ్చిన ఫంగస్ కూడా ఎలర్జీ చేస్తుంది కాబట్టి చంపి వదలడం కాదు, తుడిచి తీసేయాలి.

సత్యనారాయణపురం_శాస్త్రి
మా తాతగారి ఇంట్లో ఏటా సంక్రాంతికి గానుగ సున్నం కొట్టేవారు. ఇలాంటి రోగాలు చూడలేదు. ప్లాస్టిక్ రంగులొచ్చాకే ఈ గోల.

సైట్_రావు
శాస్త్రి గారి మాటలో నిజముంది. సున్నానికి క్షారగుణం ఎక్కువ, దాని మీద ఫంగస్ బతకడం కష్టం. సున్నపు గోడ తడి పీల్చి మళ్లీ వదిలేస్తుంది. ఎమల్షన్ రంగు తడిని లోపలే బంధిస్తుంది. కానీ ఆ ఇంట్లో ఏసీ లేదు, అటాచ్డ్ బాత్రూమ్ లేదు, గోడలో దాచిన పైపులు లేవు. ఆ మూడూ తెచ్చుకుని సున్నం ఒక్కటే కొట్టిస్తే లాభం లేదు.

నిశ్శబ్ద_పాఠకుడు
నేను ఎప్పుడూ రాయను, ఇది చదివి రాస్తున్నా. మా గదిలో ఏసీ వేసిన గోడకి అవతలి వైపు, హాల్లో, ఫంగస్ వస్తోంది. ఎక్కడా పైపులే లేవు. ఇదెలా?

సైట్_రావు
మధ్య గోడ నాలుగున్నర అంగుళాలదే అయి ఉంటుంది. వానాకాలంలో మన హాల్లో 30 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి. ఆ గాలి 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేన్ని తాకినా నీరు పడుతుంది. మీరు ఇవతల రాత్రంతా 18లో ఏసీ వేస్తే అవతల గోడ 24కి దిగుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టేది ఇందుకే. 26 మీద పెట్టుకోండి. తేమ చూపించే చిన్న డిజిటల్ మీటర్ కొనండి, ఖరీదు తక్కువే. 60 దాటకుండా చూసుకుంటే ఫంగస్‌కి బతుకు కష్టం. వర్షం పడుతుంటే గాలి కోసమని కిటికీలు బార్లా తీయకండి, బయట తేమే ఎక్కువ.

బెజవాడ_బాబాయి
కలరా ఉండలు వేస్తే పోదా? సాంబ్రాణి పొగ?

ఊపిరి_వైద్యం
వాసన పోతుంది, ఫంగస్ పోదు. దగ్గు ఉన్న ఇంట్లో పొగ అస్సలు వద్దు బాబాయి గారూ.

పటమట_పద్మజ
ఫాయిల్ విప్పాను. కింది దానికి గోడ వైపు నీటి బొట్లు, టేపు కూడా తడిసి జారింది. పైది రెండు వైపులా పొడిగానే ఉంది.

సైట్_రావు
అయితే గాలి కాదు, గోడలో నీళ్లు. ఇప్పుడు బాత్రూమ్ తేల్చాలి. రెండు అనుమానాలు: గోడలో దాచిన పైపు లీకవడం లేదా నేల మీద పడ్డ నీళ్లు టైల్స్ సందుల్లోంచీ, నహానీ ట్రాప్ (నేల మీద నీళ్లు పోయే జాలీ) పక్క నుంచీ దిగడం. ప్లంబర్‌ని పిలిచి ఆ బాత్రూమ్ లైన్ వేరుచేసి ప్రెషర్ గేజ్ పెట్టించండి. కుళాయిలన్నీ కట్టేసినా గేజ్ ముల్లు పడిపోతుంటే పైపే. ముల్లు నిలబడితే నహానీ ట్రాప్ మూసి, నేల మీద రంగు కలిపిన నీళ్లు కట్టి ఒక రోజు చూడండి. కింది ఫ్లాట్ వాళ్లకి ముందే చెప్పండి, లేకపోతే వాళ్ల సీలింగ్ మీద ఎర్ర మరక చూసి కేకలేస్తారు.

కృష్ణలంక_కుర్రోడు
వసంతోత్సవం అనుకుంటారు.

పటమట_పద్మజ
గేజ్ ముల్లు పడిపోయింది. గీజర్ నుంచి షవర్ మిక్సర్‌కి వచ్చే వేడినీళ్ల పైపు, గోడలో బెండు దగ్గర కారుతోంది. టైల్స్ రెండు తీస్తే లోపల ఇటుక నానిపోయి ఉంది. ప్లంబర్ ఆ ముక్క మార్చి, టైల్స్ వేయకుండా తెరిచే ఉంచాడు. మొత్తం వాళ్లడిగిన 22 వేల దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఆ సంస్థ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు, "ఈ వారమే డిస్కౌంట్" అంటున్నారు. ఇప్పుడు గోడ ఎలా శుభ్రం చేయాలి? పనిమనిషితో చేయించొచ్చా?

ఊపిరి_వైద్యం
పనిమనిషి ఊపిరితిత్తులూ ఊపిరితిత్తులే. ఎవరు చేసినా ఎన్95 మాస్కు, చేతులకి గ్లౌజులు, కళ్లకి అద్దాలు ఉండాలి. ఆ రోజు అత్తగారినీ పిల్లల్నీ ఇంకెక్కడికైనా పంపండి. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లు, కీమో తీసుకుంటున్నవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లు ఆ చుట్టుపక్కలే ఉండకూడదు.

సైట్_రావు
పొడిగా ఉండగా గీకొద్దు, బీజాలు ఇల్లంతా లేస్తాయి. ముందు సబ్బునీళ్లు చల్లి తడిపి, తర్వాత గీకండి. గది తలుపు మూసి కిటికీలో ఫ్యాన్ బయటికి తిప్పి పెట్టండి, ఏసీ వేయకండి. ఉబ్బిన పుట్టీ మొత్తం తీసి సంచిలో కట్టి పడేయండి. బీరువా వెనక ప్లై రేకు నల్లబడి ఉంటే అది మార్చడమే, కడిగితే లాభం లేదు. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు లోపు మచ్చయితే ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు. మీది గోడంతా అన్నారు కాబట్టి, రెండు పూటలుగా, జాగ్రత్తలు తెలిసిన పెయింటర్‌తో చేయించండి. రంగు మాత్రం ఇప్పుడే వద్దు. మళ్లీ ఫాయిల్ అంటించండి, వెనక పొడిగా వచ్చేదాకా ఆగండి. సీత గారు చెప్పింది మర్చిపోకండి.

హ్యూస్టన్_హరి
నేనైతే పని అయ్యాక ఒకసారి గాలి టెస్టు చేయిస్తా. వేరే ల్యాబ్‌తో, లోపలా బయటా రెండూ. పెద్దావిడ ఉన్న ఇల్లు కదా, మనశ్శాంతి.

గోరంట్ల_మైక్రో
చేయిస్తే తప్పేం లేదు. ల్యాబులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ఆ ల్యాబ్ పేరు వెతికి, దేనికి గుర్తింపు ఉందో చూడండి. నీళ్లకీ తిండికీ గుర్తింపు ఉన్నంత మాత్రాన గాలికీ ఉన్నట్టు కాదు. నా మట్టుకు నేనైతే ఆ డబ్బుతో బాత్రూమ్‌కి మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కొంటా.

హ్యూస్టన్_హరి
వాసన పోయింది, ముక్కు ఒప్పుకుంది అని మీరు నమ్ముతారు. ముక్కు అలవాటు పడిపోతుంది సార్.

గోరంట్ల_మైక్రో
అందుకే రెండు వారాలు ఊరెళ్లొచ్చిన చుట్టాన్ని పిలిచి గదిలోకి పంపండి. ఉచితం.

అద్దెకొంప
మరి అద్దె ఇంటి సంగతి ఎవరూ చెప్పరేం? మా ఓనరు బట్టలు ఆరేశారని తిట్టాడన్నాను కదా.

సైట్_రావు
ఫాయిల్ అంటించి, విప్పేటప్పుడు వీడియో తీసి ఓనరుకి పంపండి. గోడ వైపు తడి ఉంటే అది బట్టల తడి కాదు, ఆయన గోడదే. గది వైపు తడి ఉంటే మాత్రం బట్టలు డాబా మీద ఆరేసుకోండి.

అద్దెకొంప
డాబా తాళం ఓనరు దగ్గరే ఉంది.

రెండో_ఫ్లోర్_రాణి
అయితే ఆ వీడియోలో తాళం కూడా తీయండి.